థర్మాకోల్ మీద మన నేల: వార్‌గేమ్ టెర్రైన్ తయారీ, రంగులు

జగ్గయ్యపేట నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. పోయిన రెండు ఎపిసోడ్లలో చిన్న సైనికుల బొమ్మలకి రంగులేయడం చూశాం కదా. అప్పటి నుంచి కలిసిన ప్రతి తమ్ముడూ అడిగేది ఒకటే. "అన్నా, బొమ్మలు సరే. వాటి కింద ఆ నేల, ఆ గుట్ట, ఆ కూలిన గోడ ఎక్కడ కొన్నావు?"

కొనలేదు. టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్, ఫ్లెక్సీ షాపువాళ్లు పక్కన పడేసే సన్‌బోర్డ్ ముక్కలు, హార్డ్‌వేర్ షాపులో ఫెవికాల్, వాల్ పుట్టీ, ఇంట్లో ముగ్గుపిండి. అంతే. విదేశాల నుంచి తెప్పించుకుంటే ఒక్క చిన్న శిథిలమే వేలల్లో పడుతుంది. ఆ రేటు చూసి "ఇది మనలాంటోళ్లకి కాదులే" అని వదిలేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. హైదరాబాద్‌లో కోడింగ్ చేసుకునే రోజుల్లో కార్ట్‌లో పెట్టడం, తీసేయడం, ఇదే పని.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. మినియేచర్ వార్‌గేమ్‌లో చదరంగం లాగా గడులుండవు. టేపు పెట్టి కొలిచి బొమ్మని జరుపుతాం, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేలుస్తాం. గుట్ట ఎక్కినవాడికి దూరం కనిపిస్తుంది. గోడ వెనక నక్కినవాడిని కొట్టడం కష్టం. వాగు దాటేవాడికి వేగం తగ్గుతుంది. అంటే నేల అనేది అలంకరణ కాదు, ఆటలో సగం రూల్స్ ఆ నేలలోనే ఉంటాయి. 1812లో ప్రష్యా రాజుకి రైస్విట్జ్ అనే ఆయన చూపించిన యుద్ధపు ఆట బల్ల కూడా అంతే, నేలని పలకలు పలకలుగా చేసి కావాల్సినట్టు మార్చి పేర్చుకునేలా పెట్టాడు. 1913లో హెచ్.జి. వెల్స్ 'లిటిల్ వార్స్' పుస్తకం రాసేటప్పటికి అది ఇంట్లో నేల మీద చెక్క దిమ్మలు పేర్చి ఆడే ఆట అయింది. 1983లో ఇంగ్లండ్‌లో వార్‌హామర్ వచ్చాక ఇదొక పెద్ద వ్యాపారం.

మన దగ్గర ఇది కొత్త అనుకుంటాం గానీ, సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో ఒకసారి చూడండి. కింద ఇసుక పోసి, ఆవాలు చల్లి మొలకలొచ్చాక అది పచ్చిక అంటారు, మధ్యలో అద్దం ముక్క పెట్టి చెరువు అంటారు. క్రిస్మస్‌కి మా వీధిలో పశువుల పాక పెట్టేవాళ్లు ఖాకీ కాగితం నలిపి, రంగు కొట్టి కొండ చేస్తారు. అదీ టెర్రైనే. మనం దానికి ఆ పేరు పెట్టలేదు, అంతే తేడా.

సరే, పనిలోకి. ముందు లెక్క. బీటెక్ చదివినందుకు ఇక్కడైనా పనికొచ్చింది. మనం వాడే 28 మిల్లీమీటర్ల బొమ్మలు అసలు మనిషి కన్నా దాదాపు 56 రెట్లు చిన్నవి. అంటే నిజంగా ఒక మీటరు ఉన్నది బల్ల మీద 18 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల గుమ్మం మూడున్నర సెంటీమీటర్లు. కానీ బొమ్మ కింద గుండ్రటి బేస్ ఉంటుంది, దాని ఎత్తు కూడా కలుస్తుంది కాబట్టి గుమ్మం నాలుగు సెంటీమీటర్లు పెట్టండి. బేస్ వెడల్పు 25 మిల్లీమీటర్లు, అందుకే దారి కనీసం ఐదు సెంటీమీటర్లుండాలి. గుట్టని నిజం గుట్టలా ఏటవాలుగా చేస్తే బొమ్మ జారిపడుతుంది. మెట్లు మెట్లుగా చదును పెట్టుకుని, అంచుల్లో మాత్రమే వాలు ఇవ్వాలి. నా మొదటి గుట్ట చూడ్డానికి చాలా బాగుంది. దాని మీద ఒక్క సైనికుడూ నిలబడలేదు.

ఇదే లెక్క ఇసుకకి కూడా పెట్టండి. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఆ లోకంలో 56 మిల్లీమీటర్ల రాయి. కాళ్ల కింద పిడికెడంత రాళ్లు పరిచినట్టు! అందుకే ఇసుకని టీ వడకట్టే జల్లెడతో జల్లించి, కింద పడిన మెత్తటిది నేలకి, పైన మిగిలినది రాళ్ల గుట్టలకి వాడాలి. థర్మాకోల్ పూసలు కూడా అంతే. మూడు నాలుగు మిల్లీమీటర్ల పూస అంటే బల్ల మీద పెద్ద బండరాయి. కోసిన చోట పూసలు అలాగే వదిలేస్తే ఎన్ని రంగులేసినా అది టీవీ డబ్బాలోని థర్మాకోల్ లాగే కనిపిస్తుంది. కాబట్టి పైన ఒక చర్మం వెయ్యాలి.

ఈ చర్మం సంగతే ఇవాళ్టి అసలు విషయం. ఇక్కడే నేను బాగా దెబ్బ తిన్నాను.

ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన కొత్తలో, ఆదివారం ఆరుగురు స్నేహితులు ఆటకి వస్తామన్నారు. కారంపూడి యుద్ధం ఆడదామని ప్లాన్. మాకు కృష్ణ దాటితే పల్నాడే కదా. బ్రహ్మనాయుడు ఒకవైపు, నాయకురాలు నాగమ్మ ఒకవైపు, మధ్యలో నాగులేరు. వారం రోజులు కూర్చుని థర్మాకోల్‌తో గుట్టలు, ఒడ్డు అన్నీ చెక్కాను. శనివారం రాత్రి బ్లాక్ స్ప్రే పెయింట్ డబ్బా తీసుకుని కొట్టేశా. పది సెకన్లు బాగానే ఉంది. తర్వాత గుట్ట కుంగిపోవడం మొదలుపెట్టింది. పంచదార మీద నీళ్లు పడ్డట్టు గుంటలు గుంటలు. గది తలుపులు వేసి ఉన్నాయి, తల తిరిగింది, అమ్మ వచ్చి కిటికీలు తెరిచి తిట్టిన తిట్లు ఇక్కడ పెట్టలేను. ఆదివారం ఆట నేల మీద పుస్తకాలు పేర్చి ఆడాం.

ఏమైందంటే, అది వేడికి కరగడం కాదు. థర్మాకోల్ అంటే గాలి నింపిన పాలీస్టైరీన్. స్ప్రే డబ్బాల్లో రంగుని పల్చగా ఉంచడానికి అసిటోన్, టోలుయిన్ లాంటి ద్రావకాలు వేస్తారు. వాటిలో పాలీస్టైరీన్ ఉప్పులా కరిగిపోతుంది. థిన్నర్ కలిపిన ఎనామెల్ రంగుతో కూడా అదే ప్రమాదం. నీళ్లతో కలిపే రంగులు, నీళ్లతో కలిపే జిగురు మాత్రం దాన్ని ఏమీ చెయ్యవు. ఫెవికాల్ నీళ్లతో కలిసేదే. అది ఆరాక పైన ఒక ప్లాస్టిక్ పొరలా నిలబడుతుంది. ఆ పొర పూర్తిగా, చిన్న చిల్లు కూడా లేకుండా ఉంటేనే పైన వేసే దేనికైనా ధైర్యం. నేనైతే ఆ పొర ఉన్నా స్ప్రే జోలికి పోను. ఆ రాత్రి చాలు.

ఇది నాకు అర్థమయ్యేలా చేసింది కొండపల్లి. మన హైవే మీదే విజయవాడ వైపు వెళ్తే ఇబ్రహీంపట్నం దగ్గర ఆగి లోపలికెళ్లాలి. బొమ్మల కాలనీలో పని చేసుకుంటున్నవాళ్ల ముందు కూర్చుని చూడొచ్చు. తెల్ల పొణికి చెక్క చాలా తేలిక, దాన్ని ముందు సన్నటి సెగ మీద పెట్టి తేమ పోగొడతారు. చేతులు, కాళ్లు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సందులన్నీ ఆ మక్కుతోనే పూడ్చి నున్నగా చేస్తారు. ఆ తర్వాత సున్నం పూత. ఇదంతా అయ్యాకే రంగు. నేను చూస్తూ లెక్కపెట్టాను, రంగు ముట్టుకునే ముందు జరిగిన పనే ఎక్కువ. నేను చేసింది ఏంటి? చెక్కడం, వెంటనే రంగు. మధ్యలో మొత్తం వదిలేశా.

అక్కడ నేర్చుకున్నది ఇంటికొచ్చి తిరగేశాను, అది కూడా చెప్తా. వాళ్లు అడుగున తెలుపు వేస్తారు, ఎందుకంటే అంబారీ ఏనుగు మెరవాలి, రంగులు పైకి పలకాలి. మనది నేల. అది మెరవకూడదు. రాళ్ల సందుల్లో, గోడ మూలల్లో బ్రష్ చేరని చోట తెలుపు మిగిలిపోతే వెంటనే కంటికి తగులుతుంది. అదే నలుపు మిగిలిపోతే నీడ అనుకుంటాం. అందుకే మన అడుగు పూత ముదురు రంగు.

సో, నేను ఇప్పుడు చేసే వరుస ఇది. సన్‌బోర్డ్ ముక్క అంచుల్ని ఏటవాలుగా కోసి బేస్ చేసుకుంటా. అట్ట వాడొద్దు. జిగురు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ఒకవైపే పూస్తే అట్ట అప్పడంలా లేస్తుంది. అట్టే ఉందంటే రెండు వైపులా పూయండి, పుస్తకాల కింద బరువు పెట్టండి. బేస్ మీద థర్మాకోల్ అతికించి ఒక రాత్రి వదిలేయాలి. గాలి ఆడదు కాబట్టి మధ్యలో జిగురు ఆరడానికి టైం పడుతుంది. మర్నాడు కొత్త బ్లేడుతో చెక్కాలి. పాత బ్లేడు కొయ్యదు, పూసల్ని పీకుతుంది. వేడి తీగ కట్టర్ ఉన్నవాళ్లు కిటికీ తెరిచి, వీలైతే మేడ మీద చెయ్యండి, ఆ పొగ పీల్చేది కాదు.

తర్వాత వాల్ పుట్టీలో కొంచెం ఫెవికాల్ కలిపి పల్చగా పూత. పొడి పుట్టీ కలిపేటప్పుడు, ఆరాక రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి, చేతికి గ్లోవ్స్. తెల్ల సిమెంటు అది, చర్మాన్ని తినేస్తుంది. తడిగా ఉండగానే జల్లించిన ఇసుక చల్లాలి. ఆరాక, ఫెవికాల్‌కి సమానంగా నీళ్లు, అందులో హార్డ్‌వేర్ షాపులో దొరికే నల్ల స్టైనర్ పోసి, మూల మూలకీ రెండు కోట్లు. ఇక్కడికి ముక్క నల్లగా, అసహ్యంగా ఉంటుంది. చాలామంది ఇక్కడే డీలా పడతారు. ఆగండి.

ఇప్పుడు రంగులు. చిన్న ట్యూబులు కొంటే ఒక గుట్టకే అయిపోతాయి. ఒక లీటరు తెల్ల ఎమల్షన్, నాలుగు స్టైనర్లు: నలుపు, పసుపు, ఎరుపు, గోధుమ. వీటితో నేల రంగులన్నీ కలుస్తాయి.

పద్ధతులు రెండే రెండు. ఒకటి వాష్. రంగుని టీ డికాక్షన్ అంత పల్చగా చేసి, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి పోసేయడం. సోప్ వల్ల నీళ్లు బొట్టు కట్టకుండా సందుల్లోకి దిగుతాయి, ఆరాక లోతుల్లో ముదురుగా నిలుస్తాయి. రెండోది డ్రై బ్రషింగ్. లావు బ్రష్‌కి రంగు అద్ది, పాత పేపర్ మీద ఇక రంగే లేదనిపించేదాకా తుడిచి, అప్పుడు ముక్క మీద తేలిగ్గా ఆడించాలి. కాల్చిన మొక్కజొన్న పొత్తు మీద నిమ్మచెక్క రుద్దుతాం చూడండి, గింజల పైభాగానికే తగులుతుంది, సందుల్లోకి పోదు. అదే ఇది. ముదురు నుంచి లేతకి మూడు సార్లు, ప్రతిసారీ కొంచెం తెలుపు కలుపుకుంటూ, కొంచెం తక్కువ ఒత్తిడితో.

ఇంత ఎందుకు అంటే, అసలు గుట్టకి సూర్యుడు నీడ ఇస్తాడు. బల్ల మీద నాలుగు సెంటీమీటర్ల గోడకి ట్యూబ్‌లైట్ ఏ నీడా ఇవ్వదు. ఆ వెలుగూ నీడా మనమే రంగులో వెయ్యాలి.

ఇలా రెండోసారి బల్ల తయారైంది. బూడిద రంగు రాతి శిథిలాలు, ముదురాకుపచ్చ గడ్డి, నాచు. ఇంగ్లండ్ వాళ్ల వీడియోల్లో ఎలా ఉందో అలాగే. నాకైతే గర్వంగా ఉంది. మా తాతయ్య కర్ర పట్టుకుని మెల్లగా వచ్చి, బల్ల చుట్టూ ఒక రౌండ్ కొట్టి అడిగాడు.

"ఇదే ఊర్రా?"

"ఏ ఊరూ కాదు తాతయ్యా, ఊరికే ఆట."

"మరి ఎవడి పొలం కోసం కొట్టుకుంటున్నారు వీళ్లు?"

నా దగ్గర సమాధానం లేదు. నాగమ్మ, బ్రహ్మనాయుడు బొమ్మలు పెట్టి, కింద నేనెప్పుడూ చూడని దేశపు నేల వేశాను. కారంపూడిలో నాచు ఎక్కడుంది?

మర్నాడు పొద్దున్నే బండి తీసి పాలేరు వైపు వెళ్లాను. ఫోన్‌లో నేల ఫోటోలు తీశాను, ఆకాశం కాదు, సెల్ఫీ కాదు, ఉత్త నేల. ఇంటికొచ్చి జూమ్ చేసి చూస్తే, ఇన్నాళ్లూ నేను నలుపు అనుకున్న నల్లరేగడి ఎండాకాలంలో అసలు నలుపే కాదు. బూడిద కలిసిన గోధుమ రంగు. నెర్రెల లోపల మాత్రం నలుపు. ఎర్రమట్టి కూడా టమాటా ఎరుపు కాదు, పసుపు, గోధుమ కలిసినది. గడ్డి పచ్చగా ఉండేది వానల తర్వాత కొన్నాళ్లే, మిగతా ఏడాదంతా ఎండు గడ్డి రంగు. సున్నపురాయి మన ప్రాంతమంతా ఉంది, సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడికి వచ్చిందే దాని కోసం. ఆ రాయి తడిస్తే ముదురు బూడిద, ఆరితే తెల్లటి దుమ్ము.

నల్లరేగడి చేయడానికి ఒక చిట్కా దొరికింది, అదీ తప్పు చేస్తేనే. పుట్టీలో నీళ్లు ఎక్కువై, మందంగా పూసేస్తే ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి. గోడ మీదైతే మేస్త్రీని తిడతాం. టెర్రైన్ మీద అవి అచ్చం నెర్రెలు! జిగురు తక్కువ వేసి, మందంగా పూసి, ఎండలో పెట్టండి. పగిలాక నల్ల ఫెవికాల్ కోటు పగుళ్లలోకి దిగుతుంది, పైన బూడిద గోధుమ రంగుతో డ్రై బ్రష్. పది నిమిషాల్లో మే నెల చేను.

ఎర్ర నేలకి గడపలకీ, అరుగులకీ వాడే జాజు పొడి పల్చటి ఫెవికాల్‌లో కలిపి వాష్‌లా వాడండి. అది ఇనుము కలిసిన మట్టి, ఎండకి వెలవదు. పసుపు మాత్రం వాడొద్దు. ఎండు గడ్డికి వంటింట్లో పసుపు భలే కుదిరిందని మురిసిపోయి కిటికీ పక్కన పెట్టాను, నెల తిరక్కుండానే రంగు ఎగిరిపోయింది. పసుపు వెలుతురుకి ఆగదు. గడ్డికి సా మిల్లు నుంచి తెచ్చిన పొట్టుని జల్లించి, స్టైనర్‌లో నానబెట్టి, ఆరబెట్టుకోండి. రాలిన ఆకులకి వాడేసిన టీ పొడి, బాగా ఎండబెట్టాక. నిజం మట్టి వాడాలనుకుంటే పాత పెనం మీద వేయించండి, పురుగూ తేమా పోతాయి. పాత పెనం అన్నాను. అమ్మ దోసెల పెనం కాదు.

ఇక నేను మీకు మొదటి ప్రాజెక్టుగా చెప్పేది మన ఊరి ధనంబోడు. తెలియనివాళ్లకి, ఇక్కడ ప్రాచీన బౌద్ధ స్తూపం ఉండేది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు, అమరావతితో కలిపి దీని మీద 1887లో పుస్తకం వచ్చింది. ఇక్కడ దొరికిన చెక్కుడు పలక, రాజు చెయ్యెత్తితే నాణేల వాన కురుస్తున్న మాంధాత శిల్పం, ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. స్కూల్లో ఉండగా పక్కనుంచి వందసార్లు వెళ్లాను, ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. టెర్రైన్ కోసం వెళ్లినప్పుడే చూశాను. గుండ్రటి దిబ్బ కాబట్టి చెక్కడం తేలిక. నేను 18 సెంటీమీటర్ల వ్యాసంతో చేశా. పైన చదును, బొమ్మలు నిలబడతాయి. చుట్టూ రాతి పలకలకి సన్‌బోర్డ్ ముక్కల అంచుల్ని చేత్తో విరిచి, కొన్ని నిలబెట్టి, కొన్ని పడేసి పెట్టాను. పలకలకి లేత బూడిదలో చిటికెడు ఆకుపచ్చ. మొదళ్ల దగ్గర జాజు వాష్, ఎందుకంటే వానకి ఎర్రమట్టి చిందిన మరక రాయికి పడుతుంది. చివర్లో చిటికెడు ముగ్గుపిండి పొడి బ్రష్‌తో పైపైన అద్దితే దుమ్ము. ఆటలో కూడా ఇది మంచి ముక్క. నాలుగు వైపుల నుంచీ ఎక్కొచ్చు, పైవాడు అన్నీ చూస్తాడు, కానీ వాడికి దాక్కునే చోటు లేదు.

అంతా అయ్యాక ఒక భాగం ఫెవికాల్‌కి నాలుగు భాగాల నీళ్లు స్ప్రే బాటిల్‌లో పోసి మంచులా కొట్టండి, పొట్టూ పొడీ రాలకుండా పట్టి ఉంచుతుంది. వానాకాలం ముక్కల్ని నేల మీద పెట్టకండి, చెమ్మకి ఫెవికాల్ మళ్లీ మెత్తబడుతుంది.

మూడో బల్ల మా పొలమే. మోకాలి ఆపరేషన్ తర్వాత రెండేళ్లుగా తాతయ్య అటు వెళ్లలేదు. నెర్రెల నేల, పత్తి కట్టెల వరసలు, గట్టు, బోరు షెడ్డు, గట్టు మీద మూడు తాటిచెట్లు. ఈసారి ఏ ఊరని అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు చూశాక వేలు పెట్టి చూపించాడు. "చెట్లు ఇటు కాదురా. షెడ్డుకి ఎడమ పక్క. మధ్యది పిడుగు పడి పోయింది, రెండే ఉంటయి."

సో అవి పీకేశాను. 28 మిల్లీమీటర్ల లెక్కలో పదిహేను మీటర్ల తాటిచెట్టు అంటే 27 సెంటీమీటర్లు, ఆ ఎత్తుకి బేస్ తిరగబడకుండా ఆపడమే ఇప్పుడు నా తలనొప్పి. ఇనుప తీగ, పేపర్ టేపు, చీపురు పుల్లలు సిద్ధంగా పెట్టుకోండి, వచ్చే ఎపిసోడ్‌లో రెండు తాటిచెట్లు చేద్దాం. ఉంటాను మరి.